పసుపు చల్లిన పుస్తకాలు

నిన్న మధ్యాహ్నం నుంచి బొమ్మక్క కూడు ముట్టలేదు.

పొద్దున పెట్టిన కంబు కూడు, సజ్జ అంబలి, చట్టిలో అలాగే ఉంది. పైన పోసిన మజ్జిగ విరిగి నీళ్ళు తేలింది. పక్కన పెట్టిన ఎర్ర ఉల్లిపాయ పొట్టు కూడా ఊడలేదు. ముసలామె వంటింటి గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకొని కూర్చుంది. ఒళ్ళో ఆకూవక్కా దంచే చిన్న ఇత్తడి రోలు. కూటి మీద అలిగింది గాని ఆకు మీద అలగలేదు.

"ఒక్క గుక్క తాగత్తా. ఎండ ఎక్కతా ఉండాది" అంది పాపమ్మాళ్.

"నా కూడు నీకెందుకు? నీ పెట్టెలు నువ్వు కట్టుకో పో."

"పెట్టెలకీ కూటికీ ఏం సమ్మందం?"

బొమ్మక్క రోట్లో ఆకు వేసి టక టకమని దంచింది. కోడలి మాట చెవిన పడకుండా చేసుకోవడానికి ఆమెకు తెలిసిన ఉపాయం అదొక్కటే. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి పాపమ్మాళ్ ఆ చప్పుడు వింటూనే ఉంది. ఏ చప్పుడుకు ఎంత కోపమో ఆమెకు కొలత తెలుసు. ఇవాళ్టిది కోపం కాదు, ఇంకేదో. అదేమిటో అంతు చిక్కలేదు.

ముంగిట్లో పాపమ్మాళ్ తమ్ముడు సీనివాసన్ టీ పెట్టెల అడుగున గడ్డి పరుస్తున్నాడు. విరుదునగరంలో వాడికి మిరపకాయల అంగడి. అక్క కబురు పెట్టగానే ఖాళీ పెట్టెలు రైల్లో వేసుకుని పొద్దుటి బండికే దిగాడు. ముందు కారణం అడిగే అలవాటు వాడికి లేదు. పని మొదలుపెట్టాక అడుగుతాడు.

"నిజంగా పంపిస్తావా అక్కా? లేకుంటే మీ బావని బెదిరించేదానికా?"

"రెండూనూ."

"రెండూ ఎట్ల కుదురుతాది?"

"సాయంత్రం సబ అయినాక తెలుస్తాది. నువ్వు గడ్డి పరువు."

పెట్టెల్లోకి ఎక్కబోతున్నవి ఆమె భర్త దామోదరసామి పుస్తకాలు. పత్తి అమ్మడానికి విరుదునగరం పోయినప్పుడు, అక్కడొక చదువుల సావడిలో బండివాడూ వ్యాపారీ ఒకే బల్ల మీద కూర్చుని పేపరు తిప్పడం ఆయన చూశాడు. ఇంటికి రాగానే వీధివైపున్న పత్తి కొట్టు ఖాళీ చేయించి, బల్లలు వేయించి, కోవిల్‌పట్టిలో వాసకసాల, అంటే చదువుకునే గది, పెట్టాడు. గుమ్మం మీద అరవంలో 'అందరికీ' అని రాయించాడు. ఆయన పోయి ఏడాది తిరిగింది. గుమ్మం మీది మాట అలాగే ఉంది. దాని కింద కూర్చునే కమిటీయే వేరే మాటలు మాట్లాడుతోంది.

ఊరి బయట అంటరానివాళ్ళుండే చేరికి పోయి వచ్చిన పుస్తకాల మీద పసుపు మరకలున్నాయట. చేరివాళ్ళకు పుస్తకం పట్టుకునే పద్ధతి తెలియదట. కూర చేతులతో ముట్టి పాడు చేస్తున్నారట. అందుకని ఆ పుస్తకాలను వేరే అరలో పెట్టి తాళం వేశారు. ఇక మీదట చేరికి పుస్తకం ఇవ్వకూడదని ఈ సాయంత్రం తీర్మానం చేయబోతున్నారు. చదవబోయేది కమిటీ అధ్యక్షుడు, దామోదరసామి అన్న, పాపమ్మాళ్‌కు బావ, లక్ష్మణసామి.

ఆ పసుపు ఎక్కడిదో లక్ష్మణసామికి తెలుసు. పోయిన శుక్రవారం తెల్లవారుతుండగా, వేపమండ చెంబులో ముంచి పుస్తకాల మీద పసుపు నీళ్ళు చల్లుతున్న అత్తను పాపమ్మాళ్ కళ్ళారా చూసింది. చెంబు లాక్కుని ముంగిట్లో పారబోసింది. అప్పుడు బావ ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చూశాడు. ఏమీ అనకుండా పొలానికి పోయాడు.

ఇప్పుడు పొలం నుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, నడవలో చాప మీద కూర్చుని, ఆకు పెట్టె తెరిచాడు. పెట్టెలను చూశాడు, సీనివాసన్‌ను చూశాడు, వంటింట్లో ముట్టని చట్టిని చూశాడు.

"ఏమయ్యా సీనివాసన్, మిరపకాయల బేరం వదిలేసి పొస్తకాల బేరానికి దిగినావా?"

"మిరపకాయలైతే తుమ్ములే బావా. వీటితో తగాదాలు కూడా వస్తా ఉండాయి."

లక్ష్మణసామి నవ్వలేదు. "పాపా, ఇట్ల రా" అన్నాడు.

ఆమె వచ్చి తలుపు వారగా నిలబడింది.

"ఇంటి మాట వీదికి తీసకపోవద్దు."

"మాట ఎప్పుడో వీదికి పోయింది బావా. పోయి చేరిలో పాండియమ్మాళ్ నెత్తిన కూచోనుండాది."

"ఆ పిల్లకేం పోయింది? పొద్దున మిల్లుకి పోతాది, సాయంత్రం వస్తాది. పొస్తకం చదవకుంటే కూడు అరగదా?"

"మీకు పేపరు రాని రోజు అరగతా ఉండాదా?"

లక్ష్మణసామి పెదవి చివర ఏదో కదిలింది. దాన్ని ఆకుతో మూసేశాడు. కాసేపు నమిలాడు.

"సరి. ఒక మాట చెప్తా విను. తీర్మానం కొంచెం మారుస్తా. ఆ అర వాళ్ళకే ఇచ్చేద్దాము. కిటికీ గుండా తీసుకుంటారు, కిటికీ గుండా ఇస్తారు. ఎవరికీ నొప్పి లేదు."

"కిటికీ ఈ ఇల్లు కట్టిన నాటినుంచీ ఉండాది బావా. మీ తమ్ముడు పెట్టింది గుమ్మం."

లోపల రోలు చప్పుడు ఆగింది.

"అయితే సబలో అమ్మ పేరు చెప్తావా?"

ఆమె నేలవైపు చూసింది. వితంతువైన తనకు ఈ ఇంట్లో తెల్ల చీర కట్టడం నేర్పింది అత్తే. రాత్రులు పక్కన పడుకుని వీపు నిమిరిందీ అత్తే.

"చెప్పను."

"మరి?"

"పొస్తకాలు విరుదునగరం పోతాయి. ఖాళీ అరల ముందర మీరు తీర్మానం చదువుకోండి."

లక్ష్మణసామి సున్నపు కాయ మూత బిగించాడు. "ముందు అమ్మ చేత రెండు గుక్కలు తాగించు" అని లేచిపోయాడు.

*

జిన్నింగు మిల్లు మధ్యాహ్నపు కూత వేసిన కాసేపటికి పాండియమ్మాళ్ వచ్చింది. జుట్టునిండా దూది నూగు. తన దగ్గర మిగిలిన ఇంకో పుస్తకాన్ని ఉతికిన గుడ్డలో చుట్టి ఛాతీకి ఆనించి పట్టుకుంది. వీధి మెట్టు మీదే ఆగింది.

చేరిలో పిల్ల. ఇంట్లో మాట్లాడేది వీళ్ళలాగే తెలుగు. రెండు వీధుల్లోనూ ఒకటే భాష. కాకపోతే ఒక వీధివాళ్ళు దాన్ని ఇంటి లోపల మాట్లాడతారు, ఇంకో వీధివాళ్ళు మెట్టు కింద నిలబడి మాట్లాడాలి.

"లోపలికి రా పిల్లా."

"ఉండనీ అమ్మా. మిల్లు గేటు మూస్తారు. దీన్ని ఇచ్చి పోదామని వస్తిని." గుడ్డ విప్పి, దానితోనే పుస్తకం చేతికిచ్చింది. "చూసుకోండి, యాడన్నా మరక ఉండాదేమో."

ఆ మాట ముల్లులా దిగింది. పాపమ్మాళ్ పుస్తకం తెరవలేదు.

"మీ వీదిలో ఆడాళ్ళు ఏమంటా ఉండారు?"

"ఏమంటారు? మా మూక్కమ్మాళ్ పెద్దమ్మ నన్ను పీక్క తింటా ఉండాది. కూటి పొద్దుకి చెట్టు కింద చదివి వినిపిస్తా కదా. ఆ కొలంబు కతలో ఓడ సిలోను రేవు చేరిందా లేదా చెప్పు, లేకుంటే నాకు నిద్దర రాదు అంటాది. రెండో బాగం ఇస్తేనే కదా ఓడ చేరేది!" నవ్వింది. నవ్వుతూనే ముంగిట్లో పెట్టెలను చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఏందమ్మా అవి?"

"పొస్తకాలు మా పుట్టింటి ఊరికి పంపిస్తా ఉండా. నిన్ను రావద్దన్న చోట అవి ఎందుకు?"

పాండియమ్మాళ్ కొంగుతో నుదుటి మీది నూగు తుడుచుకుంది.

"కోపం మీ ఇంటి మీద. ఆకలి మాకా అమ్మా?"

పాపమ్మాళ్‌కు పొద్దుటి నుంచి ఆ పెట్టెలను చూస్తే ధైర్యంగా ఉంది. పెద్ద పని చేస్తున్నానని ఉంది. ఈ పిల్ల వైపు నుంచి చూస్తే అదీ ఒక తలుపు మూయడమేనని తట్టనే లేదు.

"సాయంత్రం నన్ను రమ్మన్నారు. మరకలకు జవాబు చెప్పాలంట. వస్తా. నిలబడి చెప్తా."

"నిలబడి ఎందుకు? లోపలికి వచ్చి చెప్పు. నేను పిలుస్తా ఉండా కదా."

"మీరు ఎప్పుడూ పిలుస్తానే ఉండారు. వాళ్ళు పిలవనీ." వెనక్కి తిరిగి, మళ్ళీ ఆగింది. "అమ్మా, ఆ పసుపు ఎవరు చల్లిరో మీకు తెలుసునా?"

పాపమ్మాళ్ చేతిలోని గుడ్డ మడత పెట్టింది. మడత మీద మడత పెట్టింది.

"మీకు తెలుసు" అంది పాండియమ్మాళ్ తనే. గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది.

*

తాళంచెవి బావ గదిలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. పాపమ్మాళ్ దాన్ని తీసుకొచ్చి, వేరే పెట్టిన అర తెరిచింది. 'కొలంబు ప్రయాణం' మొదటి భాగం పైనే ఉంది. అట్ట మీద పసుపు చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. లోపల కాగితాల అంచుల్లోకి కూడా పాకాయి. తిప్పుకుంటూ పోయింది.

ఒక చోట ఆగింది. పసుపు మధ్యలో ఎర్రటి మచ్చ.

రెండు పుటల తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. వేలి కొసంత గుర్తులు.

"తమ్ముడూ, ఇట్ల చూడు."

సీనివాసన్ వంగి చూసి ఈల వేశాడు. పసుపుకు సున్నం తగిలితే ఎరుపెక్కుతుందని ఆ సీమలో చిన్న పిల్లకు కూడా తెలుసు. పెళ్ళికూతురికీ బాలింతకూ దిష్టి తీసే ఎర్రనీళ్ళు అలాగే కదా కలిపేది! సున్నం అంటిన వేలితో ఎవరో ఈ పుటలు తిప్పారు.

"మీ బావే! అరకి తాళం వేసి, దొంగతనంగా తనే చదువుతా ఉండాడు!" వాడు తొడ చరుచుకుని నవ్వాడు. "సబలో విప్పి చూపించు అక్కా. తీర్మానం ఆడే చచ్చిపోతాది."

పాపమ్మాళ్‌కూ నవ్వొచ్చింది. కాని పుటలు తిప్పేకొద్దీ నవ్వు తగ్గిపోయింది.

చదివేవాడి వేలు పుట చివర పడుతుంది. ఈ ఎరుపు అక్కడ లేదు. అంచున పెన్సిలు గీత ఉన్న చోటే ఉంది. గీత లేని పుట శుభ్రంగా ఉంది. ఆ గీతలు దామోదరసామివి. పెన్సిలు చెవి సందున పెట్టుకుని చదివి, నచ్చిన చోట నిలువుగా ఒక గీత గీసేవాడు. ప్రతి గీత పక్కనా ఒక ఎర్ర వేలు. ఎరుపు మధ్యలో అడ్డంగా రంగు అంటని సన్నని చార.

ఆ చార ఆమెకు తెలుసు. ఆ చేతికి ఎన్నోసార్లు నూనె రాసింది.

పుస్తకం తీసుకుని వంటింట్లోకి పోయి, అత్త పక్కన చతికిల పడింది.

"అత్తా, వేలు చూపించు."

"ఎందుకు, ఉంగరం తొడుగుతావా?"

పాపమ్మాళ్ ఆ చేయి తీసి పుట పక్కన పెట్టింది. చూపుడువేలి కొసన అడ్డంగా పాత గాటు. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో చొప్ప నరుకుతూ కత్తి జారి తెగిందట. బొమ్మక్క చేయి వెనక్కి తీసుకోలేదు. కాదనీ అనలేదు.

"నాకు అచ్చరం రాదు" అంది. "గీత తెలుస్తాది. అది వాడు గీసింది. వాడి చెయ్యి ఆన్నే ఉండాది."

"ఎప్పుడు అత్తా?"

"మీరంతా పొలానికి పోయినాక. మేకున తాళం తీసుకుంటా. ఒక్కొక్క గీతా ముట్టి చూసి మళ్ళీ పెట్టేస్తా."

"మరి పసుపెందుకు చల్లినావు?"

బొమ్మక్క కోడలిని వింతగా చూసింది. "చేరికి పోయి వచ్చిందాన్ని అట్లే ముట్టేదా? చల్లితే కదా ముట్టేది."

బియ్యం కడిగితే కదా వండేది అన్నంత మామూలుగా అంది. కొడుకు మీద బెంగా, చేరి అంటే ఏవగింపూ ఆమె మనసులో ఒకే కుండలో నీళ్ళలా కలిసి ఉన్నాయి. ఏది ఎక్కడ ఆగుతుందో చూపించి విడదీసే దారి పాపమ్మాళ్‌కు కనబడలేదు. కోపం తెచ్చుకుందామంటే రాలేదు. వదిలేద్దామంటే మెట్టు మీద నిలబడ్డ పిల్ల కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

"నీ పసుపుతో ఒక ఆడపిల్ల పేరు చెడింది అత్తా."

"నేను ఎవరి పేరూ చెప్పలేదే."

"చెప్పలేదు. అదే చెడుపు."

బొమ్మక్క రోకలి చేతిలోకి తీసుకుంది. దంచలేదు.

"పెట్టెల్లో వేసి పంపించేస్తే నేనింక ఏం ముట్టేది? గోడనా?" అంది. పుస్తకం వైపు గడ్డంతో చూపించింది. "ఈడ ఏం రాసుండాది? చదువు."

పాపమ్మాళ్ అరవంలో చదువుకుని తెలుగులో చెప్పింది: "రేవు కనుమరుగైనాక ఓడలో అందరూ దేవుణ్ణి తలుచుకునిరి. నేను మా ఇంటి కంబు కూడు తలుచుకుంటిని."

"వాడా!" బొమ్మక్క నిటారుగా కూర్చుంది. "వాడికి కంబు కూడంటే పడేదే కాదే! వరి బువ్వ కావాలని చట్టి తన్నేసేవాడు. మరి దీని పక్కన గీత ఎందుకు గీసినాడు?"

"ఏమో అత్తా. నేను అడగలేదు."

"అడగాల్నా లేదా!"

"అడగాల్సింది."

ఇద్దరూ ఆ గీత వైపు చూస్తూ కూర్చున్నారు. ముసలామె చట్టి దగ్గరికి లాక్కుని, పైన తేలిన నీళ్ళు వంచేసి, "పులిసిపోయింది" అని విసుక్కుంటూ ఒక గుక్క తాగింది.

"సాయంత్రం పాండియమ్మాళ్ వస్తాది అత్తా. సబలో ఆమెని నిలబెట్టి అడుగుతారు."

బొమ్మక్క మూతి తుడుచుకుని, మళ్ళీ ఆకు దంచడం మొదలుపెట్టింది.

పుస్తకం తిరిగి అరలో పెట్టి తాళం వేసి వచ్చేసరికి సీనివాసన్ మోకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "కట్టేదా, విప్పేదా అక్కా?"

"ఉండనీ" అంది పాపమ్మాళ్. "మూత మాత్రం వెయ్యొద్దు."

*

ఎండ తగ్గాక కమిటీ కూర్చుంది. రైలు ఆఫీసులో పని చేసి రిటైరైన రాజగోపాలన్ ఒక పక్క, నూనె వ్యాపారి ఇసక్కిముత్తు ఇంకో పక్క, మధ్యలో లక్ష్మణసామి. ముందర తెరిచిన ఆకు పెట్టె. మాటలన్నీ అరవంలో సాగాయి. కమిటీ అంటే అరవమే.

ఇంటివైపు తలుపు ఓరగా తెరిచి పాపమ్మాళ్ నిలబడింది. ఆమె వెనక నేల మీద బొమ్మక్క, రోలు ఒళ్ళో పెట్టుకుని. టక్, టక్ అని నెమ్మదిగా దంచుతోంది.

పాండియమ్మాళ్ వీధి మెట్టు మీద నిలబడింది. తల దువ్వుకుని వచ్చింది.

"ఈ మరకలు ఎలా వచ్చాయమ్మా?" అడిగాడు రాజగోపాలన్. చెడ్డ గొంతు కాదు. రైలు ఆలస్యానికి కారణం అడిగినట్టు అడిగాడు.

"మాకు కూరలో వేసుకునేదానికే పసుపు చాలదు సామి. పొస్తకానికి పూసేంత మాకెక్కడిది?"

ఇసక్కిముత్తు ఫక్కున నవ్వాడు. "అదీ నిజమే. నా అంగట్లో పసుపు కొనేవాళ్ళెవరో నాకు తెలుసు. ఈ వీధివాళ్ళే."

"నవ్వులాట కాదు" అన్నాడు రాజగోపాలన్. మరక చూపించడానికి కొలంబు పుస్తకం తెరిచాడు. తెరిచినవాడు అలాగే ఉండిపోయాడు. ఇంకో పుట తిప్పాడు. "పోయిన వారం మనం చూసినప్పుడు ఈ ఎరుపు లేదే?"

ఇసక్కిముత్తు మెడ చాచాడు. "ఇదేంటి, పుస్తకానికి ఎవరో దిష్టి తీశారు! సున్నం వేలండీ ఇది." అతని కళ్ళు ఆకు పెట్టె మీదికీ, అక్కడి నుంచి లక్ష్మణసామి వేళ్ళ మీదికీ పోయాయి. "అరకు తాళం మీ ఇంట్లోనే కదా ఉండేది? అధ్యక్షుల వారూ! వేరే అర పెట్టించింది మీరొక్కరే హాయిగా చదువుకోవడానికా?"

రాజగోపాలన్ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

లక్ష్మణసామి ముఖం ఎర్రబడింది. "నేనా? నేను వాటిని ముట్టను కూడా..." అంటూ పుస్తకం లాక్కున్నాడు. వంగి చూశాడు.

మాట మధ్యలో ఆగిపోయింది.

పాపమ్మాళ్ తలుపు సందు నుంచి చూస్తూనే ఉంది. ఎరుపు మధ్యలోని సన్నని చార మీద బావ చూపు నిలిచింది. ఆ వేలు ఆయన నోటికి ముద్దలు పెట్టిన వేలు. ఆయన తల ఎత్తి ఇంటివైపు తలుపును చూశాడు.

తనది కాదంటే, ఎవరిదని అడుగుతారు. తనదంటే, చేరికి పోయి వచ్చిన పుస్తకాన్ని అధ్యక్షుడే ఒళ్ళో పెట్టుకుని చదివినట్టు.

ఒక ఆకు తీసి తుడిచాడు. ఈనె గిల్లాడు. సున్నం రాశాడు. మడిచి, నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"నాదే" అన్నాడు.

ఇసక్కిముత్తు నవ్వు సగంలో ఆగింది. "నిజంగా చదివారా?"

"చదివినా."

"ఏం కథండీ?"

లక్ష్మణసామి చేతిలోని ఆకు వైపు చూశాడు. పుస్తకం చేతిలో ఉంది గాని, దాని పేరు కూడా ఆయన చూడలేదు.

"కొలంబుకు పోయే ఓడ కత కదా సామి" అంది పాండియమ్మాళ్ మెట్టు మీద నుంచి, మెల్లిగా.

లక్ష్మణసామి మొదటిసారి ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. "అవును" అన్నాడు. "ఓడ కతే. బాగుండాది."

రాజగోపాలన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రాసి తెచ్చిన తీర్మానాన్ని మడిచాడు. "అధ్యక్షులే చదివాక మనం ఎవరిని వద్దంటాం? దీన్ని వదిలేద్దాం."

"వదిలేయండి" అన్నాడు లక్ష్మణసామి. మడిచిన ఆకు నలిగి చేతికి అంటుకుంది. తర్వాత, ఆ గదిలో ఎప్పుడూ మాట్లాడని తెలుగులో అన్నాడు: "రామ్మా. లోపలికి రా. రెండో బాగం తీసకపో."

పాపమ్మాళ్‌కు గుమ్మం మీది అక్షరాలు ఇటువైపు నుంచి కనబడవు. కనబడినట్టే అనిపించింది.

పాండియమ్మాళ్ మెట్టు మీద నుంచి కదల్లేదు.

"వస్తా సామి. రొంబ సంతోసం. పెద్దమ్మ కూడా ఎదురు చూస్తా ఉండాది." ఆమె పుస్తకం వైపు చెయ్యి చూపించింది. "ఎరుపు ఎవరిదో సబ అడిగింది, మీరు చెప్పిరి. పసుపు ఎవరిదో కూడా అడగండి. అది ఇంకా నా పేరునే ఉండాది. దాన్ని తీసినాక లోపలికి వస్తా."

ఇసక్కిముత్తు తన పంచె అంచు చూసుకున్నాడు. రాజగోపాలన్ అధ్యక్షుడి వైపు తిరిగి, జవాబు కోసం కూర్చున్నాడు.

పాపమ్మాళ్ వెనక రోలు చప్పుడు ఆగింది.

బట్ట నేల మీద ఈడ్చిన శబ్దం. గోడ పట్టుకుని లేస్తున్న ముసలి కీళ్ళ శబ్దం. సున్నం వాసనతో ఒక చేయి ఆమె భుజం మీద పడింది.

"తప్పుకో పాపా" అంది బొమ్మక్క.

ఎదుట, తలుపు సందులోంచి, బావ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. వద్దు, అక్కడే నిలబడు, అడ్డంగా నిలబడు అంటున్నాయి.

పాపమ్మాళ్ తలుపు రెక్క పట్టుకుంది. పూర్తిగా తెరిచి, పక్కకు జరిగింది.